మూడు సెకన్ల అబద్ధం

ఆ వీధిలో అందరూ అతన్ని సెకన్లాయన అనేవారు. బండ్లు బాగుచేసే మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా వచ్చి, "ఇంజన్‌కి చల్లగాలి పైపు వేయిస్తే పికప్ పెరుగుతుందట, నిజమేనా?" అని అడిగితే అతను అవుననీ కాదనీ అనేవాడు కాదు. ముందు స్టూలు తుడిచి వేసి, గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చేవాడు. తర్వాత వాళ్ల బండిలోనే ఊరి చివర ఎత్తురోడ్డుకు తీసుకుపోయేవాడు. కింద వంతెన నుంచి పైన నీళ్ల ట్యాంకు దాకా మూడో గేరులో మూడుసార్లు ఎక్కించి, ఎన్ని సెకన్లు పట్టిందో చీటీ మీద రాసుకునేవాడు. పైపు బిగించాక మళ్లీ మూడుసార్లు. "ఇదిగోనండీ, మీ బండి చెప్పిన మాట ఇది, నాది కాదు" అని చీటీ చేతిలో పెట్టేవాడు.

చాలా చీటీల్లో అంకె మారేది కాదు. మారేదల్లా చప్పుడే. కంపెనీ ఇచ్చిన గాలి పెట్టె తీసేసి ఈ పైపూ దాని ఫిల్టరూ పెడితే ఇంజన్ బుస్సుమంటూ గాలి పీలుస్తుంది. ఆ బుస వినగానే బండి పరుగెడుతున్నట్టు మనిషికి తోస్తుంది.

"ఈ బండ్లు పుట్టుకతోనే బయటి గాలి పీలుస్తున్నాయండీ. కడుపు నిండినవాడికి కొసరి కొసరి వడ్డిస్తే ఏం తింటాడు?" అనేవాడు.

"నెల్లాళ్లుగా పెట్టుకున్న ముచ్చటని నిమిషంలో చంపేశావు కదయ్యా!" అని ఒకాయన చిందులు తొక్కాడు. యథార్థవాది లోకవిరోధి అన్నారు. కోపం పైపు మీద రాకుండా ఇతని మీదే వచ్చేది. అయినా బ్రేకులు పట్టకపోతే మాత్రం ఆ కోపపడ్డవాళ్లే తిరిగి వచ్చేవారు. అతను బాగుందంటే బాగున్నట్టే. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. దేవుడు తనకిచ్చిన ఆస్తి ఆ మాటొక్కటేనని అతని నమ్మకం.

అతనికి ఉన్న ఒక్కగానొక్క చెల్లెలి భర్త, మిల్లు మూతబడ్డాక పాత డీజిల్ వ్యాను ఒకటి కొనుక్కుని, కొండ మీది పల్లెల నుంచి రోగులను ఆసుపత్రికి తిప్పుతూ బతుకుతున్నాడు. మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లను చేతుల మీద ఎక్కించి దించే మనిషి. కానీ ఎత్తు వచ్చేసరికి వ్యాను ఆయాసపడేది. "దిగి తొయ్యమంటావా అబ్బాయ్?" అని ఆ ముసలివాళ్లే ఎగతాళి చేసేవారు. అతనికి నవ్వు వచ్చేది కాదు. మిల్లు పోయిన దగ్గర్నుంచి నవ్వడమే మానేశాడు.

"ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటున్నారు అన్నయ్యా. గోడతో మాట్లాడినట్టుంది" అని చెల్లెలు కళ్లొత్తుకునేది.

ఒకరోజు పొద్దున్నే ఆ చెల్లెలి భర్త చంకలో అట్టపెట్టెతో షెడ్డుకు వచ్చాడు. "బావా, ఈ పైపు బిగించు. నీ ఉపన్యాసం మాత్రం వద్దు."

"ఉపన్యాసం నాకెందుకు బావా, ఎత్తురోడ్డు ఉందిగా" అన్నాడు సెకన్లాయన.

బిగించకముందు అరవై ఒక్క సెకన్లు. బిగించాకా అరవై ఒకటే. కానీ స్టీరింగ్ దగ్గరున్న మనిషి వేరే మనిషైపోయాడు. ఆ బుసకు ముఖం విప్పారింది. "చూశావా, ఎట్లా లాగుతోందో! ఎన్ని తగ్గాయి బావా?" అని పక్కకు తిరిగి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

సెకన్లాయన చీటీ వైపు చూశాడు, ఆ నవ్వు వైపు చూశాడు. "మూడు. మూడు సెకన్లు తగ్గాయి బావా" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక చెప్పిన మొదటి తప్పు అంకె అది. గాలి పైపు ఎవర్ని ముంచింది కనుక, ఈ ఒక్కటీ దేవుడు చూసీ చూడనట్టు పోతాడులే అని సర్దిచెప్పుకున్నాడు. చీటీ నలిపి జేబులో దోపుకున్నాడు.

పైపుకే మూడు వస్తే ట్యూన్‌కి ఎన్ని రావాలి? చెల్లెలి భర్త బుర్రలో అదే తొలిచింది. బావను ఆశ్చర్యపరుద్దామని, అతనికి చెప్పకుండా పొరుగూరి పెద్ద షాపుకు పోయి, ఇంజన్ కంప్యూటర్లో డీజిల్ లెక్కలు మార్పించి ట్యూన్ చేయించుకున్నాడు. ట్యూన్ చేస్తే అలాంటి ఇంజన్‌కి బలం వచ్చే మాట నిజమే. అయితే ఆ బలం ఇంజన్ ఆయుష్షులోంచి తీసి ఇస్తుంది. ముసలి ఇంజన్‌కి తీయడానికి మిగిలిందెంత? రెండు వారాలు వ్యాను ఎగిరింది. మూడో వారం మిట్టమధ్యాహ్నం, ఐదుగురు రోగులతో ఎత్తు ఎక్కుతూ నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నడవలేని ముసలమ్మను అతనే వీపున మోసుకుపోయి ఇంట్లో దించాడు.

తాడు కట్టి లాక్కొచ్చిన వ్యానును సెకన్లాయన విప్పాడు. పిస్టన్ తల కరిగి గుంట పడింది. చెల్లెలూ ఆమె భర్తా పక్కనే నిలబడ్డారు.

"ఆ షాపువాడు చెప్పాడు బావా, ఇంజన్ పాతది, ఆలోచించుకోండి అని. మా బావ సెకన్లు లెక్కపెట్టాడు, ఆయన మాటంటే మాటే అన్నాను" అన్నాడతను.

సెకన్లాయన చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. "ఆ రోజు ఒక్క సెకను కూడా తగ్గలేదు బావా."

"మరి మూడన్నావు?"

"నువ్వు నవ్వావు. ఏడాదికి నవ్వావు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు."

అతను పిస్టన్ మీంచి చూపు తీశాడు. "ఇంజన్ పోయిందని కాదు. ఊరందరి మొహం మీదా నిజం చెప్పావు. వీడొక్కడు తట్టుకోలేడులే అనుకున్నావు. అంత చితికిపోయినవాడిలా కనపడ్డానా బావా నీకు?"

"అలా అనకండీ..." అంది చెల్లెలు. అతను అప్పటికే గుమ్మం దాటాడు.

సొంత ఖర్చుతో ఇంజన్ మళ్లీ కట్టిస్తానని సెకన్లాయన మూడుసార్లు కబురంపాడు. చెల్లెలి భర్త ఒప్పుకోలేదు. వ్యాను పాత ఇనుముకు పోయింది. అతను గోడౌన్ కాపలాకు కుదిరాడు. రోజూ షెడ్డు ముందు నుంచే నడిచి పోతాడు, అవతలి పక్కగా. అతను కనపడగానే సెకన్లాయన పని ఆపి లేచి నిలబడతాడు. దాటిపోయాక కూర్చుంటాడు.

ఒకరోజు పెద్ద వాన. అతను ఎదుటి దర్జీ కొట్టు చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు. సెకన్లాయన తడుస్తూనే రోడ్డు దాటి గొడుగు అందించాడు. అతను ముఖం చూడకుండా తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు చెల్లెలు గొడుగు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. అది ఆరబెట్టి, శుభ్రంగా చుట్టి ఉంది.

"ఏమన్నా అన్నాడా అమ్మా?"

"ఏమీ అనలేదు అన్నయ్యా" అంది చెల్లెలు.