గిజిగాడికి ఎర్ర కన్ను ఉంటుందా?

బోర్లు వేసే లారీ మీద పనికి ఉగాండా పోయిన మా చెల్లెలి అల్లుడు ఫోటో ఒకటి పంపాడు. చెట్టునిండా గూళ్లు. ఒక గూటి కింద తలకిందులుగా వేలాడుతున్న పసుపు పిట్ట. నా భార్య సాయమ్మకు చూపిస్తే, "మన గిజిగాడే" అని ఫోను తిరిగి ఇచ్చేసింది. నాకు గుబులు పట్టుకుంది. ఆ పిట్ట తల మొత్తం నలుపు. మన గిజిగాడికి నెత్తిన పసుపు ఉంటుంది. ఆమెకు కంటి ఆపరేషనై నెల దాటింది. చూపు ఎంత వచ్చిందో తను చెప్పదు, నాకు అడగడం చేతకాదు. బిజినేపల్లి దగ్గర ఆమె పుట్టింటి బావి మీద ఏటా గిజిగాళ్లు గూళ్లు కడతాయి. ఆమెకు ఎంత కనిపిస్తోందో అక్కడే తెలుసుకుందామనుకున్నాను.

కొత్తకోటలో ఆరున్నరకు బస్సెక్కి, వనపర్తిలో మారి, ఎనిమిదిన్నరకు బిజినేపల్లిలో దిగాం. ఆమెకు ఆధార్ కార్డు మీద టికెట్ ఉచితం, ఖర్చంతా నా టికెట్‌కే. అక్కడి నుంచి ఆమె ఊరికి ఆటో, మనిషికి ఇరవై.

"ఏం తాతా, పొలం బేరమా?" అన్నాడు ఆటో అతను.

"పిట్టలు చూడనీకి."

"మా ఇంటికాడ కోళ్లున్నయ్, చూస్తరా?"

సాయమ్మ నవ్వింది.

బావి మీదికి వంగిన తుమ్మకు ఇరవై దాకా గూళ్లు, చొక్కా చేతుల్లాంటి పొడుగాటి గొట్టాలతో. సగం అల్లిన గూటి దగ్గర మగపిట్ట రెక్కలు కొడుతోంది. ఆడపిట్ట వచ్చి, లోపలికి తొంగిచూసి, ఎగిరిపోయింది.

"నచ్చలే దానికి," అంది సాయమ్మ, నల్లద్దాలు తీసి. "నేను గిట్ల నీ ఇల్లు చూస్తే, వస్తుంటినా?"

అంత దూరం నుంచి చూసింది, అదే చాలు.

"ఫోను ఇటియ్యి. ఇది మనది కాదయ్యా. గూటికి గొట్టం లేదు. తల నలుపు. కన్ను ఎర్రగుంది."

కన్ను సంగతి నేనే గమనించలేదు.

"మరి మనదే అంటివి?"

"గట్లంటెనే గద, బావికాడికి తోల్కొస్తవు."

అది ఆఫ్రికా గిజిగాడని, అక్కడ మనుషుల ఇళ్ల పక్కనే గుంపుగా గూళ్లు అల్లుతుందని మా ఊరి పంతులు తరువాత చెప్పాడు. నెల రోజులు నేను అడగలేని మాటకు ఆ పిట్ట జవాబు తెచ్చింది. వచ్చేటప్పుడు బస్సులో ఆమె దారి పొడుగునా బోర్డులు చదువుతూనే ఉంది. నేను వింటూ కూర్చున్నాను.

మీరు పోదలిస్తే వానాకాలంలో, పది గంటల లోపు పోండి. సగం అల్లిన గూళ్లను వదిలేసినవనుకుని తెంపకండి. అవి ఇంకా ఆడపిట్ట కోసం చూస్తుంటాయి.