పాల ట్యాంకుకు గంట పెట్టిన పని

1982 ఎండాకాలం. వరంగల్ పొలిమేరలో ఒక పాల శీతలీకరణ కేంద్రం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి క్యాన్లలో వచ్చే పాలను పెద్ద స్టీలు ట్యాంకులో పోసి, చల్లబరిచి, ట్యాంకరులో పంపేవారు. అక్కడి యంత్రాలకు కొలత పరికరాలు బిగించడం, సరిచూడడం నా ఉద్యోగం. ఆఫీసు హనుమకొండలో. కాగితాల మీద ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని, మా వాడకట్టులో మాత్రం మీటర్ల సారును.

ఆ ఏడే కేంద్రానికి కొత్త అలారం ప్యానెల్ వచ్చింది. ట్యాంకులో పాల వేడి మనం పెట్టిన హద్దు దాటితే గంట మోగుతుంది. ఆ హద్దును సెట్ పాయింట్ అంటాం. కంపెనీ పుస్తకంలో ఐదు డిగ్రీలని ఉంది, నేనూ ఐదే పెట్టాను. నాకు పుస్తకమంటే అంత గురి. రెండుసార్లు మోగించి చూపించి, మేనేజర్ గారి చేత సంతకం పెట్టించుకుని, చాయ్ తాగి వచ్చేశాను. తర్వాత వారానికోసారి వెళ్లి చూసేవాణ్ని. ఎప్పుడు చూసినా ప్యానెల్ బుద్ధిమంతుడిలా ఉండేది. నా పనితనానికి నేనే మురిసిపోయేవాణ్ని.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ట్యాంకు పాలన్నీ పులిసిపోయాయట, గంట మోగలేదట, వెంటనే రావాలట.

వెళ్లేసరికి మేనేజర్ గారు ఆపరేటర్ యాకయ్యను నిలబెట్టి కడిగేస్తున్నారు. పొద్దున పాలు పోసిన కాసేపటికి, పాలను చల్లబరిచే కంప్రెసర్‌కు నీళ్లందించే పంపు ఆగి, దానితో పాటు కంప్రెసరూ ఆగిపోయింది. అప్పుడు యాకయ్య అక్కడ లేడు. మరిపెడ దారిలో పాల వ్యాను పంక్చరైతే క్యాన్లు మార్పించడానికి మేనేజర్ గారే పంపారు. అతను తిరిగొచ్చేసరికి పని చేయి దాటిపోయింది.

నిచ్చెన వేసుకుని గంట దగ్గరికి ఎక్కాను. గంటకూ దాన్ని కొట్టే సుత్తికీ మధ్య అగ్గిపెట్టె అట్ట మడిచి దూర్చి ఉంది.

యాకయ్య దాచలేదు. "నేనే పెట్టిన సారూ" అన్నాడు.

మేనేజర్ గారికి ఆ మాట చాలు. యాకయ్యది తొమ్మిదేళ్లుగా రోజుకూలీ. పర్మినెంటు చేయాల్సినవాళ్ల జాబితాలో ఆ ఏడే అతని పేరు పై ఆఫీసుకు వెళ్లింది. ఆ పేరు కొట్టేయిస్తానని, రేపటి నుంచి రావద్దని ఆయన చెప్పేశారు. యాకయ్య తలదించుకున్నాడే తప్ప బతిమాలలేదు.

నేను అతణ్ని పక్కకు పిలిచి ఎందుకు పెట్టావని అడిగాను.

"పొద్దుగాల పోసే పాలు వేడిగనే ఉంటయి గద సారూ. పోసినప్పటిసంది రెండు గంటలు మోగుతనే ఉంటది. పక్కన మనిషి మాట ఇనబడది. పాలు సల్లబడ్డంక అట్ట తీస్త. ఇయ్యాల తీసెటందుకు నేను లేను."

"నాకు చెప్పొద్దా యాకన్నా?"

"మీరు పదకొండింటి బస్సుకొస్తరు. అప్పటికి అంత మంచిగనే ఉంటది. చెప్తె నీకే నడుపుడు రాదంటరేమోనని భయమైంది."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నెలల్లో ఒక్క పొద్దున కూడా నేను పాలు పోసే వేళకు రాలేదు. రోజూ రెండు గంటలు పనీపాటా లేకుండా అరిచే గంటను పెట్టింది నేను. దాని నోరు మూయడం తప్ప అతను చేయగలిగింది ఏముంది?

మేనేజర్ గారి గదిలోకి వెళ్లి, సెట్టింగు తప్పు నాదని చెప్పాను. కాగితం మీద రాసిస్తావా అన్నారు. రాసి సంతకం పెట్టిచ్చాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, సరిచేసి చూపించేదాకా యాకయ్యను పనికి రానిస్తానని, అతని సంగతి పైకి రాయనని అన్నారు. మా ఆఫీసు నుంచి నాకు మెమో మాత్రం తప్పలేదు.

మర్నాడు ఐదింటికల్లా సైకిల్ మీద కేంద్రానికి చేరాను. యాకయ్య పక్కనే నిలబడి, పాలు పోయడం మొదలైనప్పటి నుంచి చల్లబడేదాకా వేడి చూపే మీటరు ముల్లును చూస్తూ రాసుకున్నాను. మామూలు రోజున రెండు గంటల్లో దిగుతోంది. అందుకని టైమర్ ఒకటి కలిపాను. హద్దు దాటగానే ఎర్రబల్బు వెలుగుతుంది. రెండున్నర గంటలైనా వేడి దిగకపోతేనే గంట మోగుతుంది. ఇక అయిపోయిందనుకుని స్క్రూడ్రైవర్ సంచిలో వేస్తుంటే యాకయ్య గొంతు సవరించుకున్నాడు.

"పంపు ఆగితెనే గద పాలు ఖరాబయ్యేది. పాలు వేడెక్కేదాక ఆగుడెందుకు సారూ? పంపుకే ఒక గంట పెట్టరాదు?"

నాకు తట్టని మాట అది. పంపు పైపుకు ప్రెషర్ స్విచ్ బిగించాను. నీటి ఒత్తిడి పడిపోతే అప్పటికప్పుడే గంట మోగుతుంది. అంతా చూశాక మేనేజర్ గారు, యాకయ్యను పనిలోనే ఉంచుతున్నట్టు చెప్పారు.

ఆ తర్వాత ఎన్నో ప్యానెళ్లు బిగించాను. పుస్తకం చూసి హద్దు పెట్టి వచ్చేయడం మాత్రం మానేశాను. దాని ముందు రోజూ పనిచేసే మనిషితో ఒక పూట గడిపి, అతను చెప్పింది విన్నాకే స్క్రూడ్రైవర్ తీసేవాణ్ని.

వానాకాలం మొదట్లో యాకయ్య ఆఫీసుకు ఫోన్ చేశాడు. పొద్దున పంపు బెల్టు తెగిందట, వెంటనే గంట మోగిందట, పరుగున వెళ్లి స్పేరుగా ఉన్న రెండో పంపు వేశాడట. "పాలు మంచిగున్నయి సారూ, పరీక్ష చేసి చూసిండ్రు" అన్నాడు. ఏ స్విచ్ ముందు పనిచేసిందో, బల్బు ఎప్పుడు వెలిగిందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. అదంతా అయ్యాకే, ఇక ఫోన్ పెట్టేస్తాడనగా, పర్మినెంటు ఆర్డరు నిన్ననే చేతికొచ్చిందని చెప్పాడు.