అమ్మ ఎంచిన ఆంప్లిఫయర్

మాది డోర్నకల్. రెండేళ్ల క్రితం చర్చిలో వాయించడానికి నా మొదటి సొంత బేస్ గిటార్ కొనేందుకు అమ్మతో మహబూబాబాద్ వెళ్లాను. జ్వరం వచ్చి అమ్మకు వినికిడి పోయి అప్పటికి పదేళ్లు. ఉన్న డబ్బుకు కొత్త గిటార్, చిన్న ఆంప్లిఫయర్ వస్తాయి. అవే తీసుకుందామనుకుంటూనే, దుకాణం మూలనున్న పాత పెద్ద ఆంప్లిఫయర్‌కు గిటార్ కలిపి లావు తీగ మీటాను.

ఆంప్లిఫయర్ మీద చేయి ఆనించి నిలబడ్డ అమ్మ ఆ అదురుకు ఉలిక్కిపడింది. రెండో అరచేయి కూడా ఆనించి, "ఆపకు బిడ్డా, గిది నాకు తెలుస్తాంది" అంది.

అమ్మ ఒకప్పుడు చర్చిలో ఎప్పుడూ పాడే పాట వాయించాను. పదేళ్లుగా పాడని అమ్మ, కళ్లు మూసుకుని తాళం తప్పకుండా చివరిదాకా పాడింది.

ఆ ఆంప్లిఫయర్ కోసం కొత్త గిటార్ వదులుకుని, ఎవరో వాడిన గిటార్ తీసుకున్నాను. అమ్మకు పాటలు దూరమయ్యాయని ఆ పదేళ్లూ అనుకున్నానే గానీ, ఒక్కసారైనా ఆమెను అడగలేదు.