అంచుల్లో పెన్సిల్ రాతలు

గ్రంథాలయం మూతపడినా లైబ్రేరియనమ్మ పని మానలేదు. పాత పత్రికల్లో ప్రతి పేజీనీ ఓసారి వాసన చూసి మరీ స్కానర్ మీద పెడుతుంది. అంచుల్లో ఎప్పటివాళ్ళో రాసిన పెన్సిల్ రాతల్ని మాత్రం చెరపనివ్వదు. పేజీలు శుభ్రంగా లేవంటూ నిధులిచ్చే సంస్థ దరఖాస్తును రెండుసార్లు తిప్పి పంపినా, అదేం పట్టుదలో, వినదు.

స్కానర్ పెట్టుకున్న అద్దె గది ఖాళీ చేయాల్సిన వారం, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సైకిల్ షాపాయన దగ్గరికి సాయమడగడానికి వెళ్ళింది.

“ఈ పాత కాగితాలు ఇప్పుడెవరిక్కావాలమ్మా?” అంటూనే ఆయన తెర మీదికి వంగాడు. స్కాన్ చేసిన పేజీలో, ఓ కథ పక్కన గుండ్రటి పెన్సిల్ అక్షరాలు: “వీడూ మా చిన్నాడిలాగే. అలిగితే అన్నం ముట్టడు.”

ఆయన గ్రీజు చేతులు మెల్లగా తుడుచుకున్నాడు.

“మా అమ్మ రాత,” అన్నాడు. “మేడ మీద గది ఖాళీగానే ఉంది, మిషను అక్కడ పెట్టుకోండి.” మళ్ళీ తెర మీదికి వంగి, “ఇంకెక్కడైనా రాసిందేమో చూడండమ్మా,” అన్నాడు.