మడుగులో వదిలిన చేప

కోడి ఈకను గాలానికి కట్టి, అది పురుగేనని నమ్మించి చేపను పట్టవచ్చని నేను గ్రంథాలయంలో తెలుసుకున్నాను. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో, అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లిషు పుస్తకం. పదో తరగతితో ఆగిన చదువు నాది. పక్కన నిఘంటువు పెట్టుకొని, సాయంత్రానికి ఒక పేజీ చొప్పున వానాకాలమంతా చదివాను. అక్కడికి వచ్చే వాళ్లంతా పోటీ పరీక్షల పుస్తకాల కోసం వచ్చేవాళ్లు. ఈ పుస్తకం దుమ్ము దులిపినవాణ్ని నేనొక్కణ్నే. ఆ సంగతి ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేవాణ్ని.

మా అమ్మ పెంచే నాటుకోళ్ల మెడ ఈకలు, పోచంపల్లిలో మగ్గం నేసే మా వదిన పుట్టింటి నుంచి తెచ్చిన పట్టుపోగులు. వీటితో మొదటి ఈక గాలం కట్టి చిన్నాయనకు చూపించాను. ఆయన మా బాపు తమ్ముడు, కృష్ణలో గుండ్రటి వెదురు పుట్టి వేసుకొని వలలతో బతికినవాడు.

"ఏందిరా ఇది? చేపలకు కోడికూర దావత్ ఇస్తున్నవా?" అన్నాడు.

కార్తీకంలో అదే ఈకకు అరచేయంత చేప పడింది. చిన్నాయన చాలాసేపు ఈకనే తిప్పి తిప్పి చూశాడు. "నీ పుస్తకం అబద్ధమాడలేదురా" అన్నాడు. నాకు ఆ మాట చాలా రోజులు సరిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

అప్పట్లో నేను జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ ఆదివారాలు ఊరికి వచ్చేవాణ్ని. నా ఈక గాలం సంగతి కంపెనీలో ఒకరి నోటి నుంచి ఇంకొకరికి పాకి, హైదరాబాదు నుంచి షోకుగా చేపలు పట్టేవాళ్లు రావడం మొదలైంది. వాళ్లకు ఖరీదైన కర్రలూ రీళ్లూ ఉండేవి, నది తెలియదు. నది చూపించడం నా పని. పుట్టి నడపడం చిన్నాయన పని.

ఏడాదిలో నది నాలుగు రకాలుగా ఉంటుంది. వానలకు ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఈకతో పనిలేదు, చేపకు ఏదీ కనిపించదు. కానీ గుడ్లున్న చేపలు ఎదురెక్కేది అప్పుడే. దసరా దాటాక నీళ్లు తేటపడతాయి. చలికాలం పొద్దున ఈక నీటి మీద వాలిన చోట చిన్న సుడి లేస్తే, గుండె కూడా అక్కడే లేస్తుంది. శివరాత్రి తర్వాత ధార సన్నబడుతుంది. ఎండాకాలం ఎగువన గేట్లు మూస్తారు, ఇక్కడ మోటార్లు తోడతాయి. నది తెగి మడుగులవుతుంది. మిగిలిన చేపలన్నీ ఆ మడుగుల్లో ఇరుక్కుంటాయి.

మా ఊరి కింది మడుగులో పెద్ద పొలుసుల చేప ఒకటుండేది. నా పుస్తకంలో మహసీర్ అని బొమ్మ వేసి ఉన్నది అదేనని నా నమ్మకం. దాని జాతివి చిన్నాయన చిన్నప్పుడు గుంపులుగా తిరిగేవట. ఇప్పుడు ఆ మడుగులో ఇదొక్కటే కనిపించేది. చిన్నాయన వలల్లో ధర పలకని జిలేబీ చేపలు తప్ప ఏమీ పడని ఏడు కూడా దాని జోలికి పోలేదు.

"దాన్ని ముట్టకురా. కొత్తనీళ్లొస్తే ఎదురెక్కుతది, పైన గింకోటి దొరికితే గుడ్లు పెడతది. గదొక్కటే ఆశ" అనేవాడు.

ఒక రోహిణి కార్తెలో హైదరాబాదు నుంచి పండ్ల డాక్టరు ఒకాయన వచ్చాడు. మంచి మనిషి. మూడు చలికాలాలు వచ్చి ఉత్త చేతులతో పోయినవాడు. పెద్ద చేపను ఒక్కసారి చేత్తో పట్టుకొని, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేస్తానన్నాడు. నేను మడుగుకు తీసుకుపోతానన్నాను.

చిన్నాయన పుట్టి దించనన్నాడు. "ఎండల గాలానికి పడ్డది బతకదురా."

"బతుకుతది చిన్నాయినా. ఎట్ల వదలాల్నో నాకు తెలుసు. పుస్తకంల ఉన్నది."

ఆయన తెడ్డు తీసుకున్నాడు.

నా ఈకకే పడింది. డాక్టరు చాలాసేపు ఆడించి అలిసిపోగొట్టాడు. పైకి తీసినప్పుడు పొలుసులు ఇత్తడి రంగులో మెరిశాయి. ఆయన దాని నోరు తెరిచి చూస్తుంటే చిన్నాయన, "పండ్లు లెక్కపెడుతున్నవా సారూ? జల్ది కానియ్యి" అన్నాడు. డాక్టరు నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు.

ఫోటోలయ్యాక చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్లు ఉడుకుతున్నయిరా. అయ్యిందేదో అయ్యింది, దాన్ని నాకియ్యి. రేపే మిరుగు. ఇంటిల్లిపాది తింటం. జర చెప్పింది ఇను కొడుకా."

మిరుగంటే మృగశిర కార్తె, అది మొదలైన రోజు మా దగ్గర ప్రతి ఇంట్లో చేప ఉడుకుతుంది. ఆ ఏడు ఆయన ఇంట్లో ఆ రోజుకు కూడా చేప లేదు. నాకు తెలుసు. అయినా డాక్టరు ముందు నా పుస్తకం మాట పోగూడదనుకున్నాను. నేనే నీళ్లలోకి దిగాను. పుస్తకంలో చెప్పినట్టే చేప తలను ఎగువకు పెట్టి, పొట్ట కింద చెయ్యి వేసి పట్టుకున్నాను. ధార మొప్పల్లోంచి పారితే చేప తేరుకుంటుందని అందులో ఉంది. ధార లేదు. ఎగువ అనేది ఆ రోజు ఒక దిక్కు మాత్రమే. నీళ్లు నా మోకాళ్ల దగ్గర గోరువెచ్చగా కదలకుండా ఉన్నాయి. చేప ఒకసారి తోక ఆడించి నా చేతుల్లోంచి కిందికి జారిపోయింది. డాక్టరు చప్పట్లు కొట్టాడు.

ఆయన కారు వెళ్లిపోయి, మేము పుట్టిని ఒడ్డుకు లాగుతుండగా మోటారు పైపు దగ్గర చేప పొట్ట తెల్లగా పైకి తేలి కనిపించింది. తేలిన చేపను మా ఇండ్లలో తినరు. చిన్నాయన దాన్ని ఒడ్డు మీద పెట్టి కత్తితో పొట్ట కోశాడు. నిండా గుడ్లు.

"ఇది ఉన్నదా నీ పుస్తకంల?" అన్నాడు.

ఇసుకలో గుంత కూడా ఆయనే తీశాడు. నన్ను తియ్యనివ్వలేదు.

మిరుగు రోజు ఊళ్లోకి ఐసు పెట్టెలతో చెరువు చేపల ఆటో వచ్చింది. పుట్టి ఉన్న మనిషి, నలుగురి వెనక వరుసలో నిలబడి చేప కొనుక్కున్నాడు. ఎవరో ఎగతాళి చేశారు. ఆ తర్వాత ఆయన పుట్టి దించలేదు. ఇంటి వెనక బోర్లించాడు. దాని కింద కోళ్లు పడుకుంటాయి. నేను ఈకలు ఏరుకునేది ఇప్పుడు వాటివే.

కొత్తనీళ్లు వచ్చినప్పుడల్లా మడుగు బండల దగ్గరికి పోయి నిలబడతాను. నీళ్లు ఎక్కుతాయి. వాటికి ఎదురు ఏమీ ఎక్కదు. ఆ పుస్తకాన్ని మళ్లీ తీసి చూశాను. అందులో తప్పేమీ లేదు. పారే నది గురించి రాసింది, అంతే.

డాక్టరు ఆ ఫోటోను తన దవాఖాన గోడకు తగిలించాడట. అది చూసి అడిగినవాళ్లను నా దగ్గరికి పంపుతాడు. వాళ్లను మడుగుకు తీసుకుపోతాను, ఆ చేప ఏ బండ కింద ఉంటుందో చూపిస్తాను. చలికాలం మొదట్లో ఆయనే ఫోను చేస్తాడు.

"మన చేప ఎట్లుంది?"

"మంచిగుంది సార్."

మొన్న ఆ మాట అంటున్నప్పుడు చిన్నాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఫోను పెట్టేసే దాకా ఆగి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఈయేడు ఎంత పెరిగిందంటవురా?"