టచ్‌డౌన్‌కి అర నిమిషం ముందు

ఒక ఆదివారం మధ్యాహ్నం పదహారు మంది చూస్తుండగా నా పరువు, మా అమ్మాయి నమ్మకం, ఒక ఫుట్‌బాల్ జట్టు అదృష్టం మూడూ ఒకేసారి పోగొట్టాను. దానికి కావలసిన సామగ్రి పెద్దగా ఏమీ లేదు. అరచేతిలో పట్టే రేడియో ఒకటి, ఊలు టోపీ ఒకటి. నవ్వుకోండి, కాదనను. నా స్థానంలో మీరుంటే అలా చేసేవారు కాదని మాత్రం అనుకోకండి. కుళ్ళు పుట్టిన మనిషికి సామగ్రి దొరకడమే ఆలస్యం.

నా కుళ్ళంతా యాదగిరి మీద. మా పక్కింటివాడు, వరంగల్లు మనిషి. రెండు చలికాలాల కిందట పోయాడు. ఉంటే ఈ సంగతి నాకంటే బాగా చెప్పేవాడు. అదీ నాకు కుళ్ళే. అతని అంత్యక్రియల రోజున మంచులో వీధి చివరి దాకా కార్లు ఆగి ఉంటే, నా వంతు వచ్చినప్పుడు ఇన్ని వస్తాయా అని చూసుకున్నవాణ్ణి నేను.

మేముండేది అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక సబర్బ్. పేరు చెప్పను. చెబితే జట్టు పేరు తెలిసిపోతుంది. పడవలసిన మాటలన్నీ ఆ జట్టు ఇప్పటికే పడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మావాళ్ళు సొంత మైదానంలో ఓడేవారు, విమానమెక్కి పై ఊరు వెళ్ళి అక్కడా ఓడేవారు. ఆ విషయంలో వాళ్ళకి పక్షపాతం లేదు.

రోగమంతా క్వార్టర్‌బ్యాక్ దగ్గర ఉంది. అమెరికా ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే పెళ్ళిలో పురోహితుడి లాంటివాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో అతనే చూసుకోవాలి. అతను తడబడితే పెళ్ళి ఆగుతుంది. మాకు ఇద్దరుండేవారు. పెద్దవాడికి భుజం అరిగిపోయింది, చిన్నవాడికి కంగారు. కోచ్ ఒక వారం పెద్దవాణ్ణి ఆడించేవాడు. ఓడగానే చిన్నవాణ్ణి దించేవాడు. అతనూ ఓడితే మళ్ళీ పెద్దవాడు. దాంతో ఊరందరికీ ఇష్టమైన ఆటగాడు ఎప్పుడూ ఒకడే: ఆ వారం బెంచీ మీద కూర్చున్నవాడు. ఆడనివాడు తప్పు చేయడు కదా.

మా ఇంట్లో పరిస్థితీ అదే. వారమంతా ఆడేది నేను. మా అమ్మాయి మేఘనని స్విమ్మింగ్‌కి డ్రైవ్ చేసేది నేను, లెక్కల హోంవర్క్‌కి తిట్లు తినేది నేను, పళ్ళ డాక్టర్ దగ్గరికి బలవంతంగా తీసుకెళ్ళేది నేను. ఆదివారం రాగానే ఆ పదకొండేళ్ళ పిల్ల జట్టు జెర్సీ వేసుకుని, తెలుగువాళ్ళంతా ఆట చూడటానికి చేరే యాదగిరి ఇంటికి పరుగెత్తేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా ఇంట్లో అయితే పొరుగింటి మిర్చి బజ్జీ.

ఆ బజ్జీల గురించి చెప్పాలి. లోపల వేయిస్తే పొగకి అలారం మోగుతుందని యాదగిరి గరాజ్‌లో గ్యాస్ పొయ్యి పెట్టుకున్నాడు. ఆట జరుగుతున్నంత సేపూ అక్కడే, చలిలో, కోటు మీద ఏప్రన్ కట్టుకుని. ప్లేట్ పట్టుకుని ఎప్పుడు లోపలికి వస్తే అప్పుడు మా జట్టు బంతితో అవతలి గీత దాటి టచ్‌డౌన్ కొట్టేది. ప్రతిసారీ. "అంకుల్ వచ్చాడు, ఇప్పుడు కొడతారు!" అని పిల్లలు సోఫా ఎక్కేవారు, నిజంగానే కొట్టేవారు. చాలా ఆదివారాలు అతను అసలు లోపలికే వచ్చేవాడు కాదు, బజ్జీలు గరాజ్‌లో చల్లారిపోయేవి. మా ఆవిడ లలిత కూడా అతనిది లక్ష్మీ హస్తమంది. పదిహేనేళ్ళ కాపురంలో నా చేతికి ఏ దేవత పేరూ పెట్టలేదావిడ.

ఒక ఆదివారం బజారు నుంచి వస్తూ మేఘన కోసం యాదగిరి ఇంటి ముందు ఆగి, లోపలికి వెళ్ళడానికి మనసొప్పక కార్లోనే కూర్చున్నాను. రేడియోలో అదే ఆట వస్తోంది. టచ్‌డౌన్ అని కామెంటేటర్ గొంతు చించుకున్నాడు. ఇంట్లోంచి చప్పుడు లేదు. సగం ఎత్తిన గరాజ్ తలుపు కింద యాదగిరి చెప్పులు లోపలికి వెళ్ళడం కనిపించింది. ఆ తర్వాత ఇల్లంతా ఒక్కసారి కేకలతో అదిరింది.

నేను ఇంజనీర్ని. టెస్ట్ చేయకుండా ఏదీ నమ్మను. ఇంకో రెండుసార్లు గడియారం పట్టుకుని చూశాను. సంగతి తేలింది. యాదగిరి కేబుల్ తీయించేసి ఇంటర్నెట్ మీద ఆట చూపిస్తున్నాడు. అది అర నిమిషం ఆలస్యంగా వస్తోంది. రేడియో మాత్రం ఉన్నదున్నట్టు, అప్పటికప్పుడు. అంటే ఆ ఇంట్లో అందరికంటే అర నిమిషం ముందు బతికే అవకాశం నాకుంది.

తరవాతి ఆదివారం జేబులో రేడియో, మఫ్లర్ కింద తీగ, కుడి చెవిలో ఇయర్‌ఫోన్, దాని మీద ఊలు టోపీతో హాజరయ్యాను. చెవి పోటన్నాను. లలిత ఆశ్చర్యపోయింది, పొద్దున లేదే అని. నేను వెళ్ళి సరిగ్గా మేఘన పక్కనే కూర్చున్నాను.

ఆ రోజు కోచ్ పెద్దవాణ్ణి దించాడు. గీత బయట నిలబడ్డ కోచ్ చెవిలోనూ ఇయర్‌ఫోన్, నా చెవిలోనూ ఇయర్‌ఫోన్. తేడా ఏమిటంటే, ఏం జరగబోతోందో నాకు తెలుసు. రేడియో చెప్పింది విని, గొంతు సవరించుకుని, "ఎడమ వైపు విసురుతాడు. అవతలి జట్టువాడు పట్టుకుంటాడు చూడండి" అన్నాను.

విసిరాడు. అవతలివాడు పట్టుకున్నాడు.

మేఘన నా వైపు తిరిగింది. "నాన్నా, నీకెలా తెలుసు?"

"ఫుట్‌వర్క్ అమ్మా. అతని కాళ్ళు చూశాను."

ఆ పిల్ల సోఫా మీద ఒక బెత్తెడు నా వైపు జరిగింది. ఆ బెత్తెడు కోసం నేను రేడియో ఏమిటి, ట్రాన్స్‌మిటర్ టవర్ అయినా నెత్తిన పెట్టుకునేవాణ్ణి.

తప్పంతా అక్కడే జరిగింది. ఓడే జట్టుకి జోస్యం చెప్పేవాడు ఏం చెబుతాడు? పడగొడతారన్నాను, పడగొట్టారు. బంతి జారుతుందన్నాను, జారింది. కోచ్ ఇప్పుడు చిన్నవాణ్ణి దించుతాడు, అతను మొదటి బంతికే నేల కరుస్తాడన్నాను. అక్షరం పొల్లుపోలేదు. గెలిచేవాళ్ళ మధ్య కూర్చుని ఉంటే నన్ను మేధావి అనేవారు. ఐదోసారికి ఎవరూ టీవీ చూడటం లేదు. పదహారు మంది నా వైపు చూస్తున్నారు. ఆ చూపు మెచ్చుకోలు చూపు కాదు.

యాదగిరి భార్య సరోజగారు మెల్లగా లేచి వచ్చారు. "అన్నా, జర నాలుక చూపియ్యి."

"ఎందుకండీ?"

"మచ్చ ఉన్నదేమో చూస్త."

నవ్వుతారని చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. అందరికీ పెద్ద చదువులే, మాస్టర్స్‌కి తక్కువ లేరు. అందులో ఒకాయన ఫోన్ టార్చి వేసి పట్టుకున్నాడు. నేను నాలుక చాపాను. మచ్చ ఉందని కొందరు, అది ఇందాకటి చట్నీ అని కొందరు. లలిత మాత్రం సాక్ష్యం చెప్పింది. పెళ్ళైన కొత్తలో తన తమ్ముడి బండి చూసి, దీనికి బ్రేకులు సరిగా లేనట్టున్నాయే అని నేనన్నానట. మర్నాడే గోడకి కొట్టాడట. బ్రేకులు లేని బండి గోడకి కొట్టకపోతే కదా వింత అన్నాను. ఎవరూ వినలేదు.

అప్పుడే యాదగిరి గరాజ్‌లోంచి తల మాత్రం లోపలికి పెట్టి, "సరోజా, అన్నకు చెవి నొస్తున్నదట. ఎల్లిపాయ నూనె కాచి పొయ్యి" అని చెప్పి మాయమయ్యాడు.

ఏ చెవి అని ఆవిడ అడిగితే, రేడియోని కాపాడుకోవడానికి ఎడమ చెవి చూపించాను. వెల్లుల్లి నూనె వేడివేడిగా పోసి, పైన దూది కుక్కారు. ఇప్పుడు ఎడమ చెవికి లోకం వినపడదు, కుడి చెవికి రేడియో తప్ప ఏదీ వినపడదు. మేఘన నా వైపు తిరిగి ఏదో అంది. పెదాలు కదలడం కనిపించింది. "ఏంటమ్మా?" అని అరిచాను, గది అదిరేలా. అది కుడి చెవి దగ్గరికి వంగి చెప్పబోయింది. ఇయర్‌ఫోన్ గురగుర ఎక్కడ వింటుందోనని చటుక్కున తల పక్కకి తిప్పుకున్నాను.

ఆ పిల్ల వెనక్కి జరిగింది. తరవాత మాట బాగానే వినిపించింది, ఎందుకంటే ఏడుపు కలిసింది అందులో. "నాన్నా, ప్లీజ్. ఇంక ఏం చెప్పకు. నువ్వు చెప్తే అలానే అవుతుంది." లేచి వెళ్ళి సోఫా ఆ చివర కూర్చుంది.

బెత్తెడు పోయి నాలుగు మూరలైంది. మీరైతే అక్కడితో ఇయర్‌ఫోన్ పీకి జేబులో వేసుకునేవారు. నేను ఇంకో రకంగా ఆలోచించాను. ఒక్క మంచి జోస్యం చెబితే అన్నీ మాఫీ అయిపోతాయి కదా. ఆట చివరికొచ్చింది. రెండు నిమిషాలుంది, టచ్‌డౌన్ పడితే గెలుపు. జేబులో చెయ్యి పెట్టి సౌండ్ పెంచాను. చిన్నవాడు బంతి అందుకున్నాడు, విసిరాడు, దూరంగా, ఇంకా దూరంగా. కామెంటేటర్ కేక పెట్టాడు.

నేను సోఫా మీదికెక్కాను. "టచ్‌డౌన్! ఇప్పుడు కొడతాడు, గెలిచాం, నేను చెబుతున్నాను!"

ఎవరూ నమ్మలేదు. టీవీలో చిన్నవాడు ఇంకా బంతి అందుకోనే లేదు. తరవాత అందుకున్నాడు, విసిరాడు, దూరంగా. పట్టుకున్నారు. ఇల్లు బద్దలైంది. మేఘన ఆ చివర నుంచి సోఫా దిండ్లు తొక్కుకుంటూ వచ్చి నా మెడ పట్టుకుని వేలాడింది. "నాన్నా, నువ్వు చెప్పావు! నువ్వే చెప్పావు!"

కుడి చెవిలో కామెంటేటర్ అప్పటికే గొంతు తగ్గించాడు. మైదానంలో తప్పు జరిగిందనడానికి గుర్తుగా పసుపు గుడ్డ పడిందని చెబుతున్నాడు. మనవాడెవడో అవతలివాడి చొక్కా పట్టుకుని లాగాడట. టచ్‌డౌన్ చెల్లదట.

నా జీవితంలో అంత పొడుగు అర నిమిషం ఇంకోటి లేదు. కూతురు మెడ చుట్టూ చేతులేసి నవ్వుతోంది. ఆ నవ్వు ఎన్ని సెకన్లలో పోతుందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆ రోజు నేను నోరు మూసుకున్నది అప్పుడొక్కసారే.

టీవీలోనూ పసుపు గుడ్డ పడింది. మేఘన చేతులు వదిలింది. దిగబోతుంటే దాని వేలికి మఫ్లర్ తగిలి, టోపీ ఊడి, తీగ కిందికి వేలాడింది. ఇయర్‌ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. నన్ను చూసింది. "దిస్ ఈజ్ చీటింగ్, నాన్నా" అంది, చాలా నెమ్మదిగా. సరోజగారు గరాజ్ తలుపు చూపించారు. ఆట అయ్యేదాకా నన్ను లోపలికి రానివ్వద్దని పదహారు మంది తీర్మానం. మా ఆవిడ ఓటు కూడా పడింది.

గరాజ్‌లోకి అడుగుపెట్టేసరికి యాదగిరి గబుక్కున అల్మరా వైపు చెయ్యి చాచాడు. పెయింట్ డబ్బాల మధ్య పాత రేడియో. అదే స్టేషన్, అదే గొంతు. సౌండ్ తగ్గించబోయి, నా మొహం చూసి మానేశాడు.

"నువ్వా?" అన్నాను.

"ఎనిమిదేండ్ల నుంచి అన్నా" అన్నాడు బజ్జీ తిప్పుతూ. "టోపీ కింద తీగ నువ్వు వచ్చినప్పుడే చూసిన. పాపం చెవి నొస్తున్నదేమో అని నూనె పోపిచ్చిన."

"మరి నిన్ను లక్ష్మీ హస్తమంటారు. నన్ను నాలుక చాపమన్నారు."

"నువ్వు అన్నీ చెప్తివి. నేను మంచిదుంటేనే ప్లేట్ పట్టుకొని లోపలికి పోత. లేకుంటే ఈడనే ఉంట."

ఇంతకంటే చిన్న రహస్యానికి ఇంతకాలం కుళ్ళుకున్నవాడు లోకంలో ఉండడు. అది విన్నాక కుళ్ళు తగ్గిందనుకుంటున్నారేమో. నాకు ముందు ఆ ఆలోచన రానందుకు ఇంకా పెరిగింది. అదే మాట అతనితో అంటూ ఉండగా రేడియో మళ్ళీ కేక పెట్టింది. చిన్నవాడు ఈసారి తనే బంతి పట్టుకుని గీత దాటాడు. పసుపు గుడ్డ లేదు. కామెంటేటర్ రెండుసార్లు చెప్పాడు, లేదని.

యాదగిరి ప్లేట్ తీసి నా చేతుల్లో పెట్టాడు. "తీస్కపో."

"నువ్వు వెళ్ళు. నీ ప్లేట్ అది."

"బిడ్డ ఏడ్చినట్టున్నదన్నా. తీస్కపో. అర నిమిషమే ఉన్నది."

వాదనలో పది సెకన్లు పోయాయి. మెట్టు తట్టుకుని మూడు బజ్జీలు పోయాయి. తలుపు భుజంతో తోసుకుని లోపలికి వెళ్ళేసరికి పదహారు మందీ నన్ను గెంటడానికి లేచారు. మేఘన మాత్రం నా మొహం చూడలేదు, ప్లేట్ చూసింది. "ప్లేట్ వచ్చింది! నాన్న తెచ్చాడు!" అంది. టీవీలో చిన్నవాడు గీత దాటాడు.

ఆ రాత్రికి ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది, మేం గెలిచింది నేను నోరు మూసుకున్నందుకేనని. యాదగిరి కూడా అవునన్నాడు.

తరవాత చాలా ఏళ్ళకి అదే గరాజ్‌లో అతను నాకు ఇంకో వార్త చెప్పాడు, ఇంట్లోవాళ్ళ కంటే ముందు. డాక్టరిచ్చిన రిపోర్టు మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుని, "ఇది ప్లేట్‌ల పెట్టి తీస్కపోయేది గాదన్నా" అన్నాడు. ఇంట్లోవాళ్ళకి తనే చెప్పేదాకా నేను నోరు విప్పలేదు. ఆ విద్య నాకు అతనే నేర్పాడు.

నోరు మంచిదైతే జట్టు మంచిదవుతుందని పెద్దలు అనలేదు గానీ అని ఉండవలసింది. కాబట్టి పాఠకుల సాక్షిగా, మచ్చ ఉన్నదో లేదో ఇప్పటికీ తేలని ఈ నాలుక మీద ప్రమాణం చేస్తున్నాను. చెడ్డ సంగతి అర నిమిషం ముందు తెలిసినా, అర సంవత్సరం ముందు తెలిసినా, జోస్యం పేరుతో నోరు తెరవను. టోపీ పెట్టుకోను. మంచిదుంటేనే ప్లేట్ పట్టుకుని లోపలికి వెళతాను.

సరోజగారు ఆ పాత రేడియో నాకే ఇచ్చారు. ఈ ఏడు కొత్త కోచ్, ఇద్దరు కొత్త క్వార్టర్‌బ్యాక్‌లు. కాలేజీ నుంచి మేఘన వచ్చింది, సరోజగారితో కలిసి లోపల టీవీ ముందు కూర్చుంది. మా గరాజ్‌లో పొయ్యి వెలిగించి, రేడియో పెట్టి, ఇది రాస్తున్నాను. మూడు వాయిలు వేయించాను. మొదటి రెండూ చల్లారిపోయాయి.