ఓటిస్‌కు పదో రోజు

ఏలూరు పురోహితుడు అనంతపద్మనాభంగారికి అమెరికా పాత నవలల మీద ఒకే ఒక్క అభిప్రాయం ఉంది. బాగానే రాస్తారు, కానీ చచ్చినవాణ్ణి పట్టించుకోరు. పెట్టె గోతిలోకి దింపడం ఆలస్యం, తరువాతి అధ్యాయంలో అందరూ కూర్చుని భోంచేస్తుంటారు. ఇదేం పద్ధతో ఆయనకు బొత్తిగా అంతుపట్టదు.

ఆదివారం లైబ్రరీలో కూడే చదువరుల దగ్గరా ఆ మాటే అన్నారు. ఆ వారం చదివింది ఓటిస్ అనే గోధుమ పొలాల కూలివాడి కథ. ముందూ వెనకా ఎవరూ లేనివాడు. ఆఖరి పేజీలో రైలుపట్టాల పక్కన పూడ్చేశారు, నవల అయిపోయింది.

"ముగింపు అద్భుతం కదండీ?" అంది కాలేజీ లెక్చరర్ శ్రీవిద్య.

"ముగింపెక్కడుందండీ? పదో రోజేదీ?" అన్నారాయన.

అందరూ నవ్వారు. ఆయనకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికొచ్చి నెత్తిన నీళ్ళు పోసుకున్నారు. అన్నం సయించలేదు.

"ఎవరు పోయారండీ?" కంగారుగా అడిగింది భార్య ఆండాళ్ళు.

"ఓటిస్."

"అయ్యో! ఏ ఊరండీ?"

కథంతా చెప్పి, "వాడికి ఎవరో ఒకరు చెయ్యాలి కదే" అన్నారు. తిడుతుందనుకున్నారు. ఆవిడ నువ్వులు నిండుకున్నాయంది.

పుస్తకం ముగించిన నాటి నుంచి పదో రోజున ఇద్దరూ కాలవగట్టుకు వెళ్ళారు. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యపమే కాబట్టి ఓటిస్ కాశ్యప గోత్రీకుడయ్యాడు. తండ్రి పేరు కోసం నవలంతా మళ్ళీ తిరగేసినా దొరకలేదు. పిండం పెట్టారు. కాకి రాలేదు. ఎండెక్కింది. వాడి తీరని కోరికలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ ఆయన కాకులకు హామీలిచ్చారు. గుర్రం కొనిపెడతానన్నారు. కూలి ఎగ్గొట్టిన ఆసామిని పేరు పెట్టి తిట్టారు. కరెంటు తీగ మీద కాకులు కదిలితే ఒట్టు.

చివరికి ఆండాళ్ళు ముందుకొచ్చింది. ఆ దంపతులకు పిల్లలు లేరు. "నాయనా, నీకెవరూ లేరు, మాకూ ఎవరూ లేరు. మా ఇంటివాడివే అనుకుంటాం, వచ్చి తినెళ్ళు" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకునేలోపే కాకి వాలింది.

ఏడాది తిరిగింది. దెందులూరు రైతు వెంకట్రాజు ఫోన్ చేశాడు. చేపల చెరువు పక్కన కట్టుకున్న కొత్తింటికి గృహప్రవేశమట.

"ఆ రోజు నాకు కుదరదండీ."

"అదేంటండీ పంతులుగారూ, అంత పనేముందండీ?"

అనంతపద్మనాభంగారు గొంతు సవరించుకున్నారు.

"మా అబ్బాయి తద్దినమండీ."